వెండికొండ కింద ఊరు

శ్రోతలకు నమస్కారం.

వెండికొండ అంటే తెలుగువారికి కైలాసం. ఆ కొండ మీద శివుడు కొలువుంటాడని చెప్పుకున్నామే గాని, దాని కడుపులో వెండి ఉంటుందని గునపం పట్టుకొని బయలుదేరినవారు మనలో లేరు. దక్షిణ అమెరికాలో, బొలీవియా దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ అక్షరాలా వెండికొండ అనదగినది ఒకటి ఉంది. స్పానిష్ భాషలో దాని పేరు సెర్రో రికో, అంటే సిరిగల కొండ. దాని పాదాల దగ్గర, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న పట్టణం పేరు పొతోసి. అక్కడ నేను గడిపిన మూడు రోజుల గురించి ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

సుక్రె పట్టణం నుంచి పొతోసికి బస్సులో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. సుక్రె ఎత్తు సుమారు 2,800 మీటర్లు కాబట్టి, అక్కడ నాలుగు రోజులుండి ఒంటిని పలచటి గాలికి అలవాటు చేసుకొని వెళ్లమని తెలిసినవారు చెప్పారు, నేనూ అలాగే చేశాను. అయినా తిరుమల మెట్లదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర ఎలా రొప్పుతామో, పొతోసిలో బస గుమ్మం నుంచి వీధి మలుపు దాకా నడిచేసరికి నేను అలా రొప్పాను. తలపోటు, నిద్రపట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం వంటి ఈ ఎత్తుల జబ్బును అక్కడివారు సొరోచె అంటారు. బస యజమానురాలు వేడినీళ్లలో కోకా ఆకులు వేసి తెచ్చి ఇచ్చారు. మాదకద్రవ్యం తీసేది ఈ ఆకు నుంచే అయినా, ఆకు టీ తాగితే మత్తేమీ ఎక్కదు. బొలీవియాలో అది చట్టసమ్మతం, మన పెద్దలు తాంబూలం బిగించినట్లే అక్కడివారు దాన్ని బుగ్గన బిగిస్తారు. సంచిలో వేసుకొని దేశం దాటించబోతే మాత్రం చిక్కుల్లో పడతారు.

మర్నాడు పొద్దున్నే సంతలో కలాపుర్కా అనే జావ తాగాను. పచ్చ మొక్కజొన్న పిండితో చిక్కగా కాచి, మట్టి పిడతలో పోసి, నిప్పుల్లో కాల్చిన అగ్నిపర్వతపు రాయి ఒకటి అందులో వేసి మన ముందు పెడతారు. రాయి పడిన చోట జావ కుతకుతమని ఉడుకుతూనే ఉంటుంది. ఆ చలిలో, చెంచా పట్టిన వేళ్లు కొంకర్లు పోతున్న వేళ, ఆ రాయి విలువ నాకు బాగా తెలిసివచ్చింది.

పొతోసి వీధుల్లో దారి తప్పడం తేలిక. స్పానిష్‌వారు అమెరికా ఖండంలో కట్టిన పట్టణాలు చాలావరకు చదరంగపు గడుల్లా ఉంటాయి గాని, ఇక్కడ పథకం గీసే తీరిక ఎవరికీ లేకపోయింది. 1545లో కొండలో వెండి బయటపడింది. దారి తప్పిన లామాను, అంటే అక్కడ బరువులు మోసే ఒంటెజాతి జంతువును, వెతుక్కుంటూ వెళ్లిన దియేగో ఉవాల్పా అనే స్థానికుడు రాత్రి నెగడు వేసుకుంటే, తెల్లవారేసరికి మంట కింద వెండి కరిగి పారిందని ఒక కథ చెబుతారు. అంతకు ముందే, స్పానిష్‌వారు రాకముందు ఆ సీమను ఏలిన ‘ఇంకా’ వంశపు చక్రవర్తి మనుషులు ఆ కొండను తవ్వబోతే, ‘ఇది మీకోసం కాదు, వేరేవారికోసం’ అని కొండలో నుంచి ఉరుములాంటి గొంతు వినబడిందని ఇంకొక కథ. రెండో కథ వెండి పరుల పాలైన తరువాత ఎవరో కల్పించుకున్నదని నా అనుమానం. ఏమైనా, ఎవరికి తోచిన చోట వారు ఇళ్లు కట్టుకోగా, 17వ శతాబ్దం తొలినాళ్లకే ఆ చలిగుట్టల మీద లక్షన్నరకు పైగా జనం చేరారు. అమూల్యమని చెప్పడానికి ‘ఒక పొతోసి అంత విలువ’ అనే నానుడి స్పానిష్ భాషలో ఇప్పటికీ ఉంది.

ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే, నాణేలు అచ్చువేసిన టంకశాల చూడండి. పొతోసిలో మొదటి టంకశాల 1570వ దశకంలో ఏర్పడింది. ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉన్న భవనం 1773లో పూర్తయింది. దాని లోపల గోడల మందం వల్ల మిట్టమధ్యాహ్నం కూడా చలి ఎముకలు కొరుకుతుంది. వెండి కడ్డీలను నలిపి రేకులుగా సాగదీసే కొయ్య యంత్రాలు అందులో పదిలంగా ఉన్నాయి. పై అంతస్తులో మనిషి నిలువెత్తును మించిన పళ్లచక్రాలుంటే, కింది అంతస్తులో వాటిని తిప్పే ఇరుసుకు కంచరగాడిదలను కట్టేవారు. గానుగెద్దు తిరిగినట్లు అవి ఆ చీకటిగదిలో గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. నేను కింది గదిలోకి దిగి, తల పైకెత్తి ఆ ఇరుసును చాలాసేపు చూశాను. కాలంతో నల్లబడిన దూలం అది, చేయి వేస్తే నున్నగా, చల్లగా తగిలింది.

అక్కడి అద్దాల పెట్టెల్లో ఎనిమిది రియాళ్ల విలువగల స్పానిష్ వెండి నాణేలు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 27 గ్రాములు, అంటే మన లెక్కన రెండు తులాలకు పైమాట. యంత్రాలు రాకముందు చేతిసుత్తెతో కొట్టినవి కావడం వల్ల ఏ రెండూ ఒక్కలా లేవు. కొన్నిటి అంచులు వంకర, కొన్నిటిపై ముద్ర సగమే పడింది. ఇంత మొరటు నాణెం ప్రపంచమంతటా చెల్లిందంటే అందులోని వెండి మీది నమ్మకమే కారణం. ఆ నమ్మకాన్నీ ఒకసారి పోగొట్టుకున్నారు. 1640వ దశకంలో నాణేలలో వెండి తగ్గించి, రాగి కలిపి అచ్చువేస్తున్నారని బయటపడింది. స్పెయిన్ రాజు పంపిన అధికారి విచారణ జరిపిన తరువాత, పేరుమోసిన వెండి వర్తకుడు గోమెజ్ దె లా రోచాకు 1650లో మరణదండన పడింది. 1652 నుంచి నాణెం మీది ముద్రనే మార్చేసి, సముద్రపు అలలపై నిలిచిన రెండు స్తంభాల బొమ్మ వేశారు.

ఆ పెట్టెల ముందు నిలబడినప్పుడు నాకు బందరు గుర్తుకువచ్చింది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవుకు వచ్చిన డచ్చి, ఆంగ్ల వర్తకుల దగ్గర మన నేతగాళ్లకు పనికొచ్చే సరుకు పెద్దగా లేదు. కోరమాండల్ తీరపు బట్టలూ, కలంకారీ అద్దకాలూ కొనడానికి వారు వెండి బంగారాలనే మోసుకు రావలసి వచ్చింది, ఆ వెండిలో ఈ స్పానిష్ రియాళ్లూ ఉండేవి. ఈ కొండలో తవ్విన వెండి ఐరోపా చుట్టి వచ్చి, మన తీరంలో పంచె నేసిన ఇంటి గడప తొక్కే ఉంటుంది. నేసినవాడికీ తవ్వినవాడికీ ఒకరి ఊరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేదు.

ఇక ఆ తవ్వినవాడి సంగతి. 1570వ దశకంలో స్పెయిన్ రాజప్రతినిధి ఫ్రాన్సిస్కో దె తొలేదో, ఇంకాల కాలం నాటి మితా అనే వంతుపని పద్ధతిని గనులకు అమలు చేశాడు. చుట్టుపక్కల పదహారు ప్రాంతాల నుంచి ఏటా సుమారు 13,500 మంది మగవారు, ఏడేళ్లకొకసారి తమ వంతు వచ్చినప్పుడు, భార్యాబిడ్డలతో, లామాలతో వారాల తరబడి నడిచి పొతోసి చేరవలసి ఉండేది. కూలి అని ఏదో ముట్టజెప్పినా, అది తిండికే చాలేది కాదు. వెట్టి అంటే ఏమిటో తెలుగు శ్రోతలకు విడమరచి చెప్పనక్కరలేదు. ఈ వెట్టి 1812 దాకా చట్టంలో ఉంది. ముడిఖనిజపు రాతిని పొడి చేసి, పాదరసంతో కలిపి వెండిని వేరుచేసే పనిలో ఇంకెందరో విషం పీల్చారు. ఆ పొడి కొట్టే మరలను తిప్పడానికి నీరు కావాలి గనుక కొండల్లో వరుసగా చెరువులు కట్టారు. 1626లో కారికారి చెరువు కట్ట తెగి, నీళ్లు ఊరి మీద పడి మరలనూ ఇళ్లనూ ఊడ్చుకుపోయాయి.

టంకశాలలోనే ఒక చిత్రపటం ఉంది. 18వ శతాబ్దానిది, గీసినవారి పేరు తెలియదు. అందులో మరియమాత కట్టుకున్న వస్త్రమే కొండ. కొంగుల మీద దారులు, దారుల వెంట లామాలు, మనుషులు, ఇరువైపులా సూర్యచంద్రులు, కింద మోకరిల్లిన పోప్, చక్రవర్తి. కొండను తల్లిగా కొలిచే స్థానికుల భావానికి చర్చి కప్పిన ముసుగు అది అని పండితులు అంటారు. నాకైతే ముసుగులా అనిపించలేదు. ఎదురుగా ఉన్న కొండను చూస్తూ పెరిగినవాడు తల్లిని గీయబోతే ఆ ఆకారమే వస్తుంది.

మూడో రోజు గనిలోకి వెళ్లాను. వెళ్లాలా వద్దా అని ముందు రాత్రంతా తేల్చుకోలేకపోయాను, ఇప్పటికీ తేల్చుకోలేదనే చెప్పాలి. అది మూతపడిన గని కాదు. సహకార సంఘాలుగా ఏర్పడిన వేలమంది కార్మికులు ఇంకా అక్కడ జింకు, తగరం, సీసం, మిగిలిన కాస్త వెండి తవ్వుతున్నారు. ఒకరి కష్టాన్ని టికెట్టు కొని చూడటమేమిటని మనసు పీకింది. దారి చూపినవాడు ఒకప్పుడు తానే ఆ గనిలో పనిచేసినవాడు. వెళ్లేముందు గని కార్మికుల అంగడిలో ఆగి, కోకా ఆకుల సంచి, శీతల పానీయాల సీసాలు కొనిపించాడు. చుట్టాలింటికి వెళ్తూ పళ్లు పట్టుకెళ్లినట్లు, లోపలివారికి ఇవి పట్టుకెళ్లడం అక్కడి మర్యాద. అదే అంగడిలో డైనమైటు కూడా ఉల్లిపాయలు అమ్మినంత మామూలుగా అమ్ముతున్నారు.

గని నోటి దగ్గర రాళ్ల మీద ఎండిన రక్తపు చారలున్నాయి, లామాను బలి ఇచ్చినవి. లోపల నడుము వంచితే గాని నడవలేం. పట్టాల మీద రాళ్లబండిని ఇద్దరు యువకులు తోసుకు వస్తుంటే గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాను. వారిలో చిన్నవాడి బుగ్గ కోకా ఆకుతో నిమ్మకాయంత ఉబ్బి ఉంది. ఇంకొంత లోపలికి వెళ్లాక ఒక గూటిలో తీయో కూర్చొని కనిపించాడు. బంకమట్టితో చేసిన కొమ్ముల దయ్యం, నోట్లో సగం కాలిన సిగరెట్టు, ఒళ్లో ఆకుల కుప్ప, మెడలో రంగు కాగితాల తోరణాలు. పైన భూమి మీద దేవుడిది రాజ్యం, కింద మాత్రం తీయోది. ఖనిజం చూపించేదీ, ప్రాణం తీసేదీ అతడే. స్పానిష్‌లో తీయో అంటే మామ, బాబాయి వరసలన్నిటికీ వాడే మాట. ఆకాశంలో ఉన్నవాణ్ని చందమామ అని పిలుచుకునే మనకు, పాతాళంలో ఉన్నవాణ్ని మామా అని మంచి చేసుకోవడం వింతగా తోచనవసరం లేదు. మా దారి చూపినవాడు చిన్న సీసా నుంచి నూటికి తొంభై ఆరు పాళ్ల సారాయి తీయో పాదాల దగ్గర నాలుగు చుక్కలు పోశాడు. వాళ్ల నాన్న ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి పోయాడని అప్పుడే, అటు తిరిగి ఉండగానే చెప్పాడు.

దాదాపు అయిదు వందల ఏళ్లుగా తొలిచిన కొండ అది. 2011లో శిఖరం దగ్గర నేల కుంగి పెద్ద గొయ్యి పడింది. 1987లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన పొతోసిని 2014లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చారు. కిందనున్న వీధుల్లోంచి చూస్తే ఇవేమీ తెలియవు. సాయంత్రపు ఎండకు ఎర్రటి కుంకుమ రాశిలా కనిపిస్తుంది, అంతే.

తిరుగు ప్రయాణానికి బస్టాండుకు వెళ్లినప్పుడు, ప్రాంగణం వాడుకున్నందుకు ప్రతి ప్రయాణికుడూ కట్టవలసిన చిన్న రుసుము కోసం జేబులోంచి ఒక నాణెం తీశాను. బొలీవియా రాజచిహ్నం నడుమ సెర్రో రికో ఉంటుంది కనుక, ఆ నాణెం మీద కూడా అదే కొండ చిన్నగా, గోరుతో తడిమితే తెలిసేలా ఉంది. నాణెం మాత్రం ఉక్కుది, వేరే దేశంలో అచ్చయి వచ్చినది. కిటికీ అవతల కూర్చున్న ఆమె దాని వంక చూడకుండానే రేకు డబ్బాలో పడేసి, చీటీ చించి నా చేతికిచ్చింది.