వంతెన మూసే రోజుల్లో సైరన్ లేని పేషెంట్లు

అందరికీ నమస్కారం. ఆటో యూనియన్ తమ్ముళ్ళు, ఆశా కార్యకర్తలు, కాలనీ పెద్దలు... వంతెన మూసే రోజుల్లో పేషెంట్లని ఆసుపత్రికి ఎలా చేర్చాలో మాట్లాడుకుందామంటే, ఆదివారం పొద్దున్నే హాలు ఇలా నిండుతుందనుకోలేదు.

నేను ఇరవై రెండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. చివరి పదకొండేళ్ళు డయాలసిస్ యూనిట్లోనే, అంటే కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి మిషన్ మీద రక్తం శుభ్రం చేసే చోట. మనల్ని అటు పక్క ఆసుపత్రులకి కలిపే ఈ వంతెన ఎందుకు మూస్తున్నారో, ఎన్నాళ్ళు పడుతుందో ఇంజనీర్లు చెబుతారు. మా యూనిట్ గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఏం కనబడుతుందో నేను చెబుతాను.

ముందు మన విశాఖపట్నం సంగతి. కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923లో వచ్చింది, పోర్టు 1933లో. అంటే ఆసుపత్రే పదేళ్ళు పెద్దది. అప్పటి ఊరు దానికి దగ్గర్లోనే ఉండేది. తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు వచ్చాయి, జనం మల్కాపురం, గాజువాక వైపు పెరిగిపోయారు. మధ్యలో హార్బర్ నీళ్ళు, రైలు పట్టాలు, పోర్టు గోడలు. అందుకే ఇక్కడ ఒక్క వంతెన మూస్తే గాజువాక, షీలానగర్, ఎన్ఏడీ జంక్షన్ మీదుగా చుట్టు తిరగాలి.

వంతెన మూస్తారనగానే అందరికీ అంబులెన్సు గురించే టెన్షన్. 108కి సైరన్ ఉంది, పోలీసులు దారిస్తారు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా ముందు గడియారం చూసి టైము రాసుకోండి, వెంటనే 108కి చెయ్యండి. అవి పక్షవాతం గుర్తులు, మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. అంతవరకూ మీకు తెలిసిందే. నా భయం సైరన్ లేనివాళ్ళ గురించి.

మా యూనిట్‌కి ఒక పెద్దాయన వచ్చేవారు. మేమంతా మాస్టారూ అనేవాళ్ళం. పొద్దున ఆరింటి షిఫ్టు, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఒక వర్షాకాలం రోడ్డు తవ్వేసి బస్సులు వేరే దారిలో నడిపారు. ఆయన ఏడుంబావుకి చేరారు. "ఏటి చేస్తానమ్మా, బస్సు దిగి నడిచాను" అన్నారు, చెప్పుల నిండా బురద. మిషన్ మీద తర్వాతి పేషెంటు కాచుకుని ఉన్నాడు. మాస్టారికి నాలుగు గంటల బదులు మూడు గంటలు కాగానే తీసేశాం. అలా మూడు నాలుగుసార్లు జరిగేసరికి పాదాలు ఉబ్బాయి, పడుకుంటే ఆయాసం. డయాలసిస్ మానేశాడని ఆయన్ని ఎవరూ అనలేరు, ప్రతిసారీ వచ్చారు కదా! గంట గంట తరిగిపోయింది, అంతే.

లండన్లో 2019 ఏప్రిల్లో హామర్‌స్మిత్ వంతెనకి పగుళ్ళు కనబడి వాహనాలు ఆపేశారు. పెద్దాసుపత్రి నదికి అటు పక్క, బార్న్స్ అనే పేట ఇటు పక్క. జనం నడిచి దాటేవారు. 2020 ఆగస్టులో నడకా ఆపేశారు, మళ్ళీ 2021 జులై దాకా లేదు. అందుకే అధికారుల్ని మనం మొదట అడగాల్సింది ఫుట్‌పాత్ సంగతి. నడక దారి తెరిచి ఉంచితే సగం పని అయినట్టే. ఈ కొసన ఒక ఆటో, ఆ కొసన ఒక ఆటో, మధ్యలో వీల్‌ఛైర్. చుట్టు తిరిగే పెట్రోలు ఖర్చు కూడా తప్పుతుంది.

ఆటో తమ్ముళ్ళకి రెండు మాటలు. డయాలసిస్ పేషెంటుని దింపేటప్పుడు ఏ చెయ్యి పట్టుకోవాలో అడగండి. ఒక చేతికి ఫిస్టులా ఉంటుంది, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి తయారుచేసిన రక్తనాళం, ఉబ్బెత్తుగా, వేలు పెడితే గుర్ గుర్ మంటూ తెలుస్తుంది. ఆ చెయ్యి పట్టి లాగకూడదు, దానికి సంచీ తగిలించకూడదు. మంచి మనసుతో గబుక్కున రెక్క పట్టి లేపేవాళ్ళతోనే మాకు భయం! రెండోది, వెళ్ళేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడే అసలు కష్టం. బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, సూది గుచ్చిన చోట రక్తం ఊరొచ్చు. వెళ్ళేటప్పుడు వంతెన నడిచి దాటిన మనిషి వచ్చేటప్పుడు దాటలేడు. వీల్‌ఛైర్ తిరుగు ప్రయాణానికే ఉంచండి.

బళ్ళు తక్కువైతే ఎవరికి ముందు? సోమవారం, మంగళవారం వెళ్ళేవాళ్ళకి. మధ్యలో ఆదివారం వస్తుంది కాబట్టి ఒంట్లో నీరు, పొటాషియం ఎక్కువ చేరేది వాళ్ళకే. ఆ రెండ్రోజులు పెళ్ళిళ్ళ కిరాయి బేరాలు వదులుకోమని యూనియన్ వాళ్ళని అడుగుతున్నాను. నెలలు నిండిన గర్భిణులు కాన్పు తేదీకి వారం ముందే అటు పక్క చుట్టాలింట్లో ఉంటే మేలు. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి మాత్రం వంతెనతో పని లేదు, అది ఇటువైపే.

ఇప్పుడొక నోట్‌బుక్ పంపిస్తున్నాను. మీ వీధిలో ఎవరున్నారు, ఏ రోజు, ఎన్నింటికి, ఏ చెయ్యి పట్టుకోకూడదు, ఇవి రాయండి. జబ్బు పేరు రాయకండి, అది వాళ్ళ సొంత విషయం. వెనక వరసలో పెన్ను లేదంటున్నారు, ఇదిగో, ఇది అందించండి.