చెక్కినవాడే అమ్మాలి

వేదిక మీదున్న పెద్దలకు, శిల్ప విభాగం అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మీ సారు నన్ను పిలిచినప్పుడు ఒకటే కోరారు. "చెక్కడం మేం నేర్పుతున్నాం, అమ్మడం గురించి మీరు చెప్పండి" అన్నారు. అందుకని ఇవాళ ఉలి గురించి తక్కువ, స్టాల్ గురించి ఎక్కువ మాట్లాడతాను. అయినా మా పనేమిటో కొంచెమైనా తెలియకపోతే దాని అమ్మకం సంగతి అర్థం కాదు, కాబట్టి ముందు అది చెబుతాను.

మాది కొండపల్లి. విజయవాడకు దగ్గరే, ఇబ్రహీంపట్నం పక్కన. కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట, కింద మా బొమ్మల కాలనీ. మా పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని పెద్దవాళ్లు చెప్పేవారు. మేం వాడేది తెల్లపొణికి కర్ర. చేతిలో పట్టుకుంటే ఇంత తేలికా అనిపిస్తుంది. మెత్తగా ఉంటుంది, ఉలి మాట వింటుంది. పచ్చి కర్రను ఆరబెట్టి, రంపపు పొట్టు సెగ మీద నెమ్మదిగా కాచి, లోపలి చెమ్మంతా పోగొట్టాకే చెక్కుతాం. చెమ్మ ఉండిపోయిందంటే రంగు వేసిన నెలకో రెణ్నెల్లకో బొమ్మ నెర్రె విచ్చుతుంది. అప్పటికి అది ఎవరింట్లోనో షోకేసులో ఉంటుంది, మాట మాత్రం మనకొస్తుంది.

అంబారీ ఏనుగు అందరికీ తెలిసిన బొమ్మే కాబట్టి దాన్నే తీసుకుందాం. ఏనుగు ఒళ్లు ఒక చెక్క. తొండం, చెవులు, దంతాలు, పైన అంబారీ, అందులో రాజు, ముందు మావటి, ఇవన్నీ వేరువేరుగా చెక్కినవి. వీటిని అతకడానికి మక్కు కావాలి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. తొండం మొదలు దగ్గర మక్కు పెట్టి, వేలితో నొక్కుతూ, ఏనుగు ముఖంలోంచే తొండం సాగినట్టు ఆ వంపును దిద్దాలి. అతుకు కనపడిందంటే అది పని తెలియని చెయ్యి అని అర్థం. మక్కు ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, అదీ ఆరాక రంగులు. మేకవెంట్రుకల కుంచెతో సన్నగీతలు. వానాకాలంలో మక్కు ఓ పట్టాన ఆరదు. ఆ నెలల్లో మా ఇళ్లలో సగం పూర్తయిన ఏనుగులు చెవుల కోసం ఎదురుచూస్తూ వరసగా ఉంటాయి.

ఇప్పుడు ఈ ఏనుగును తీసుకెళ్లి స్టాల్లో పెట్టారనుకోండి. వచ్చినాయన చేతిలోకి తీసుకుంటాడు. తేలిగ్గా ఉంటుంది. "లోపల డొల్లా?" అంటాడు. ధర చెబితే "ఇంత తేలిక చెక్కకి అంతా?" అంటాడు. ఆయన తప్పేం లేదు. బజార్లో వస్తువు బరువును బట్టి ధర ఉండటం ఆయనకు అలవాటు. ఇప్పుడే నేను చెప్పిన మక్కు, సెగ, సుద్ద, వీటిలో ఒక్కటీ ఆయన చూడలేదు. చూపించకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

అందుకే, మీరు స్టాల్లో కుర్చీ వేసుకుని కూర్చోకండి. కింద చాప పరిచి, ఒక చెక్క ముక్క, బాడిశ, రెండు ఉలులు పెట్టుకుని పని చేస్తూ కూర్చోండి. రంగులు వేసేవాళ్లు రంగులు వేయండి. మనిషి ఆగుతాడు. ముందు పిల్లలు ఆగుతారు, వాళ్ల కోసం తల్లిదండ్రులు ఆగుతారు. మొద్దుగా ఉన్న ముక్కలోంచి చిలక ముక్కు బయటపడటం వాళ్లు కళ్లారా చూశాక, ధర గురించి అడిగే గొంతే మారిపోతుంది. బేరం ఉంటుంది, బేరం ఎక్కడికీ పోదు. కానీ అది గౌరవంగా ఉంటుంది. అమ్మడం మనకు రాదు, దళారికి ఇచ్చేద్దాం అనుకుంటారు చాలామంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. మీ బొమ్మ గురించి మీకన్నా బాగా చెప్పగలిగినవాడు లేడు. మాటకారితనం అక్కర్లేదు, చేతులు కదులుతుంటే చాలు.

ఇంకో చిన్న పని చెబుతాను. బొమ్మ పీట అడుగున రంగు వేయకుండా వదిలేయండి. ఉలి గుర్తులు, కర్ర రంగు అక్కడ కనపడాలి. ఎందుకంటే ఇవాళ అచ్చులో పోసిన రెసిన్ బొమ్మలకు మా రంగులే పూసి, మా పేరే పెట్టి అమ్మేవాళ్లున్నారు. ఒక మేళాలో మమ్మల్ని చివరి వరసలో, జనరేటర్ పక్కన కూర్చోబెట్టారు. గేటు దగ్గర మొదటి స్టాల్లో "కొండపల్లి బొమ్మలు" అని పెద్ద బోర్డు, లోపలంతా అచ్చు సరుకు. వచ్చిన జనం అక్కడే కొనుక్కుని, మా దాకా వచ్చి "మీ దగ్గర ధరలెక్కువ" అన్నారు. కడుపు మండిపోయింది. కొండపల్లి బొమ్మకు జీఐ గుర్తింపు, అంటే ఈ పేరు ఈ ఊరి పనికే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు ఉంది, చట్టం మన వైపే ఉంది. కానీ రద్దీలో నిలబడి ఉన్న మనిషికి చట్టం చదివి వినిపించలేం కదా. బొమ్మను తిరగేసి అడుగు చూపించవచ్చు. రెండు ఏనుగులు పక్కపక్కన పెట్టి "వీటి కళ్లు చూడండమ్మా, ఒకేలా ఉన్నాయా?" అని అడగవచ్చు. చేత్తో చేసినవి ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఉండవు. మీరు శిల్పాలే చేసినా ఈ గొడవ మీకూ తప్పదు. రూటర్ అనే చెక్క చెక్కే మిషన్ మీద కోసిన ప్యానెళ్లు మీ పక్క స్టాల్లోనే ఉంటాయి.

స్టాల్ దగ్గర తరచుగా ఎదురయ్యే ఇంకో మాట, "ఇవి ఏటికొప్పాక బొమ్మలేనా?" అని. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు వెళ్లాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది. మాలో కొందరు విసుక్కుంటారు. విసుక్కోవద్దు. వాళ్లది అంకుడు కర్ర, లేత్ అనే తిరుగుడు యంత్రం మీద తిప్పుతూ లక్క రంగు ఎక్కిస్తారు. కర్ణాటకలో చెన్నపట్నం వాళ్లదీ ఆ కర్రే. మాది పొణికి, చేత్తో చెక్కేది. తెలంగాణలో నిర్మల్ వాళ్లు కూడా పొణికినే వాడతారు, కానీ వాళ్ల పళ్లు, పక్షుల తీరు వేరు. ఈ నాలుగు ముక్కలు ఓపిగ్గా చెబితే ఆ మనిషి ఏమీ కొనకపోయినా ఇంకో పదిమందికి చెబుతాడు. పైగా ఇంకొకరి పనిని గౌరవంగా పరిచయం చేసేవాడి మీద కొనేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఇక ధర. ఇక్కడ మీరందరూ జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే చెయ్యి తిరిగిన పనివాళ్లే ఇక్కడ నష్టపోతున్నారు. ఒక బొమ్మ చెక్కడం, అతకడం, రంగులు కలిపి మొత్తం మూడు రోజుల పని అనుకుందాం. రోజు కూలి 800 అనుకుందాం. కర్ర, రంగులు, సుద్ద, కుంచెలు ఇంకో 300. అంటే ఇంటి గడపలోనే ఆ బొమ్మ ఖరీదు 2,700. రైలు ఖర్చు, సామాను రవాణా, గది అద్దె, భోజనం, స్టాల్ అద్దె ఉంటే అది, దారిలో విరిగిపోయేవి, ఇవన్నీ అమ్ముడుపోయే బొమ్మల మీదే పడాలి. చాలామంది ఇంటి లెక్కనే ధరగా చెప్పి, బేరంలో అందులోంచి కూడా తగ్గిస్తారు. ఇంటికొచ్చాక చూసుకుంటే చేతిలో డబ్బు ఉంటుంది, కూలి మాత్రం ఉండదు. ఇంట్లో ఆడవాళ్లు వేసిన రంగులకు కూలి లెక్కే కట్టరు చాలా ఇళ్లలో. మా ఆవిడ కుంచె పట్టకపోతే నా ఏనుగు వట్టి చెక్కే. ఆమె కూలి కూడా ధరలో ఉండి తీరాలని నేను పట్టుబడతాను.

బోణీ బేరమని పొద్దున్నే వచ్చినవాళ్లకు కాస్త తగ్గించండి, అది మన అలవాటు, నేనూ తగ్గిస్తాను. మేళా ఆఖరి రోజు మాత్రం తగ్గించకండి. మిగిలింది మోసుకెళ్లడం ఎందుకులే అని సగానికి ఇచ్చేస్తే, వచ్చే ఏడాది ఆ ఊళ్లో జనమంతా ఆఖరి రోజుకే వస్తారు.

ఎక్కడికి వెళ్లాలి అని అడుగుతారు. ఒక్కో చోటు ఒక్కో తీరు. ఫరీదాబాద్ దగ్గర సూరజ్‌కుండ్ మేళా 1987 నుంచి జరుగుతోంది, సాధారణంగా ఫిబ్రవరిలో. జనం విపరీతం. ఢిల్లీ హాట్ అనే చేతిపనుల బజారులో స్టాళ్లు 15 రోజులకు మారుతుంటాయి. అక్కడ తీరిగ్గా చూసేవాళ్లు, ఆర్డర్లు ఇచ్చేవాళ్లు ఎక్కువ. బెంగళూరులో చిత్రకళా పరిషత్తు జరిపే చిత్రసంతె జనవరిలో ఒక్క రోజు ముచ్చట, రోడ్డంతా కళాకారులే. అది ప్రధానంగా చిత్రకారులది. మీలాంటి కాలేజీ పిల్లలు చూసి తీరాల్సిన చోటు. హైదరాబాద్‌లో శిల్పారామం, నాంపల్లి నుమాయిష్ మీకు తెలిసినవే. నుమాయిష్‌కి వచ్చేది కుటుంబాల జనం, చేతికి అందే ధరలో సరుకు లేకపోతే అక్కడ కష్టం. ప్రభుత్వం జరిపే మేళాలకు హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి, ముందు దాని సంగతి చూసుకోండి. ఆ కార్డుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఆ కార్యాలయంలో నమోదైన చేతిపనివాళ్లు తయారుచేసి అమ్మే బొమ్మలకు దాన్నుంచి మినహాయింపు ఉంది.

అయితే మేళాల్లో తిరిగేవాడికి ఒక పెద్ద ప్రమాదం ఉంది. దాని గురించి చెప్పాలనే నేను ఇంత దూరం వచ్చాను. మేళాలో ఏది అమ్ముడుపోతుంది? అరచేతిలో పట్టేది. ఫ్రిజ్‌కి అతికించుకునేది, తాళాల గుత్తికి తగిలించుకునేది, బ్యాగులో పెట్టుకుంటే విరగనిది. దశావతారాల సెట్టు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, పల్లెటూరి సెట్టు, వీటి చుట్టూ జనం మూగుతారు, ఫోటోలు దిగుతారు, చివరికి చిన్న చిలకను కొనుక్కుని వెళతారు. ఫోన్‌లో డబ్బు పడగానే చెప్పే డబ్బా ఇరవై, ముప్ఫై, యాభై అని మోగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి ఏం చెక్కుతారు? చిలకలే చెక్కుతారు. మరుసటి ఏడు కూడా చిలకలే. అలా కొన్నేళ్లు గడిచాక నరసింహుడి ముఖం చెక్కమంటే చెయ్యి ఆడదు. మా కాలనీలో ఇది నా కళ్లముందు జరిగింది. చిలకలతో ఇల్లు గడుస్తుంది, వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ ఇంటి పిల్లవాడు తండ్రి చేతిలో పెద్ద బొమ్మ తయారవడం చూడనే లేదు. చూడనిది ఎలా నేర్చుకుంటాడు?

కాబట్టి చిన్నవి అమ్మండి, వాటితోనే బతకండి. ఏడాదికొక్కటైనా మీ చేతికి కష్టమైన బొమ్మ చెక్కండి. దాన్ని స్టాల్ మధ్యలో పెట్టండి. అమ్ముడుపోకపోతే పోనివ్వండి. ఆ ఒక్క బొమ్మే మీరెవరో చెబుతుంది. నాకు వచ్చిన మంచి ఆర్డర్లన్నీ అమ్ముడుపోని బొమ్మల దగ్గర ఆగినవాళ్లు ఇచ్చినవే. సంక్రాంతి కొలువుకు పెళ్లి ఊరేగింపు మొత్తం చేసిపెట్టమని అడిగిన పెద్దావిడ ఉన్నారు. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మగారింట్లో కొలువులో చూసిందట. పల్లకి బోయీల నడకలో ఎవరి అడుగు ముందుండాలో కూడా ఆవిడకు గుర్తుంది. అలాంటి మనిషి కోసం చెక్కేటప్పుడు ఉండే టెన్షన్, సంతోషం చిలకలు చెక్కితే రావు.

కర్ర గురించి కూడా ఒక మాట. పొణికి మా కొండల్లో, ఎండు అడవుల్లో పెరిగే చెట్టు. గింజ పెంకు గట్టిది, మొలకెత్తడం కష్టం. కొట్టినంత వేగంగా చెట్టు రాదు. నర్సరీల్లో పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి, ఇంకా చాలా జరగాలి. మీరు టేకు వాడినా, వేప వాడినా, అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకుని కొనండి, బిల్లు దగ్గర పెట్టుకోండి. కొనేవాళ్లు ఈమధ్య అడుగుతున్నారు, అది మంచిదే.

సరే, మాటలు చాలు. ఆ బల్ల మీద పొణికి ముక్కలు, బాడిశలు తెచ్చి పెట్టాను. పది మంది చొప్పున రండి. ముందు కర్ర పోగు, అంటే దాని నార, ఎటు ఉందో చేత్తో తడిమి చెప్పండి, తర్వాత ఉలి పట్టుకుందాం. ఎడమ చేతివాటం ఉన్నవాళ్లు నా ఎదురుగా కూర్చోండి, మీకు వేరే చూపించాలి.