గన్నేరు కొమ్మ పట్టుకున్న అమ్మాయి: వాన్ గో ‘లా ముస్మే’ రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో మనం చూడబోయేది డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888 జులైలో గీసిన ‘లా ముస్మే’. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో ఉండగా గీశాడు. ఇప్పుడిది వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. ఎత్తు సుమారు 73 సెంటీమీటర్లు, వెడల్పు 60.

ముస్మే అంటే జపాన్ అమ్మాయి. చిత్రంలో కూర్చున్నది మాత్రం ఆర్ల్ ప్రాంతపు పిల్ల, 12 నుంచి 14 ఏళ్లుంటాయి. వాన్ గో జపాన్ ఎన్నడూ వెళ్లలేదు. అక్కడి అచ్చు చిత్రాలంటే ప్రాణం, వాటిని పోగుచేసేవాడు. ఆ ప్రేమే ఈ పేరు పెట్టించింది.

ముందు బట్టలు చూడండి. రవికె మీద ఎరుపు, ఊదా చారలు. నీలి పావడా నిండా నారింజ చుక్కలు. వెనక లేత ఆకుపచ్చ. ఒకదానికొకటి ఎదురు నిలిచే రంగులను ఏరికోరి పక్కపక్కన పెట్టాడు. ఆకుపచ్చ పక్కన ఎరుపు ఇంకా ఎర్రబడుతుంది, నీలం మీద నారింజ కళ్లకు కొడుతుంది. పావడా కింద మోకాళ్లున్నాయా అన్నంత చదునుగా ఉంది కదా? దాన్ని లోపం అనుకోకండి. నీడలు తీసేసి రంగును పరచడం అతను ఆ జపాన్ చిత్రాల నుంచే నేర్చుకున్నాడు.

ఇప్పుడు ముఖం దగ్గరికి రండి. ఒంటిరంగు పసుపు కలిసిన బూడిద అనీ, కళ్లలో నారింజ, ప్రష్యన్ నీలం అనే ముదురు నీలం ఉన్నాయనీ అతనే ఉత్తరంలో రాశాడు. ఇంత రంగుల జాతరలోనూ ఆ పిల్ల బెదరలేదు, నవ్వనూ లేదు. మన ఎదుట బుద్ధిగా కూర్చుంది, అంతే. ఆ బిడియాన్ని అతను చెదరనివ్వలేదు. నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

చేతులు మాత్రం నాకు నచ్చలేదు. వేళ్లు మొద్దుబారినట్టున్నాయి. వాటి మధ్య ఉన్నది గన్నేరు కొమ్మ, మన పెరట్లో పూసే గన్నేరే, పచ్చ గన్నేరు కాదు. విషపు మొక్క కాబట్టి ఏదో గూఢార్థం ఉందని కొందరు వెతుకుతారు. ఆర్ల్ తోటల్లో గన్నేరు విరగబూసేది, అతనికి ఆ పువ్వు ఇష్టం. నాకు ఆ కారణం చాలు.

చకచకా గీసే మనిషి దీనికి వారమంతా పెట్టాడు, అదీ ఒంట్లో బాగాలేని రోజుల్లో. గ్యాలరీ వెబ్‌సైటులో బొమ్మను పెద్దది చేసి, ఆమె వెనకున్న ఆకుపచ్చను చూడండి. నిలువు, అడ్డం కుంచె గీతలు నేతలా అల్లుకుని కనిపిస్తాయి.