నిన్నటి బండి, ఇవాళ్టి బండి

అందరికీ నమస్కారం. ఇక్కడికి వస్తూ నా బండిని గంటస్తంభం పక్క సందులో పెట్టాను. బజారుకొచ్చిన ప్రతిసారీ ఆ చుట్టుపక్కలే ఎక్కడో పెడతాను. తిరిగొచ్చాక నిన్న పెట్టిన చోటికెళ్లి వెతుక్కోవడం మామూలే. ఇప్పుడు నవ్వినవాళ్లంతా ఆ పని చేసినవాళ్లేనని నాకు తెలుసు. ఈ తికమకకీ, మెదడులో కొత్తగా పుట్టే కణాలకీ ఉన్న సంబంధం గురించే ఇవాళ నా మాట.

పెద్దయ్యాక మెదడులో కొత్త కణం పుట్టదని, పోయింది పోయినట్టేనని నేను పిల్లలకు చాలా ఏళ్లు చెప్పాను. అది నేను చదువుకున్న పాఠమే. అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే పెద్ద ఎలుకల మెదడులో కొత్త కణాలు పుడుతున్నాయని రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. మనుషుల్లో చూసింది 1998లో. స్వీడన్‌లో కేన్సర్ రోగులకు, విభజన చెందే కణాలను గుర్తుపట్టడానికి ఒక రసాయనం ఎక్కించారు. వాళ్లలో ఐదుగురు చనిపోయాక మెదడు చూస్తే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో ఆ గుర్తు పడిన కొత్త న్యూరాన్లు, అంటే నాడీకణాలు, కనిపించాయి.

2013లో ఇంకో చిత్రమైన లెక్క వచ్చింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ మన కణాల్లోకీ చేరింది కదా, దాన్నిబట్టి కణాలు ఏ ఏడాది పుట్టాయో లెక్కకట్టారు. హిప్పోకాంపస్‌లో ఒక్కో వైపు రోజుకు సుమారు 700 కొత్తవి! 2018లో మాత్రం ఒక బృందం పెద్దవాళ్లలో అసలు కనబడలేదంది, నెల తిరక్కుండానే ఇంకో బృందం 79 ఏళ్లవాళ్లలోనూ ఉన్నాయంది. 2025లో వచ్చిన పరిశోధనలో వాటి తల్లికణాలు పెద్దల్లో దొరికాయి, కానీ కొందరిలో చాలా, కొందరిలో దాదాపు లేవు. తగువు పూర్తిగా తీరలేదు. నా మొగ్గు ఉన్నాయనే వైపే.

సరే, ఉంటే ఏం చేస్తాయి? జ్ఞాపకాలు దాచుకోవడానికి అదనపు గదులనుకుంటారు చాలామంది. నేనైతే వాటి అసలు పని ఒకేలా ఉన్న జ్ఞాపకాలను, నిన్నటి బండినీ ఇవాళ్టి బండినీ, వేరు చేయడం అంటాను. మన విజయనగరం సిరిమాను జాతరనే తీసుకోండి. ఏటా దసరా వెళ్లిన మంగళవారం, అదే గుడి నుంచి అదే కోట దాకా, అదే మూడుసార్లు, పొడుగాటి మాను చిటారున పూజారి, కింద జనం. అయినా తోపులాటలో చెప్పు పోయింది పోయినేడా, అంతకుముందా అనేది విడిగా గుర్తుండాలి. కొత్త కణాల పుట్టుకను ఆపేసిన ఎలుకలు దూరంగా ఉన్న రెండు చోట్లను బాగానే పోల్చుకున్నాయి, పక్కపక్కన ఉన్నవాటి దగ్గర తికమకపడ్డాయి. లేత కణాలు కొన్ని వారాలపాటు చిన్న కదలికకే ఉలిక్కిపడతాయి, అందుకే చిన్న తేడానీ పట్టుకుంటాయేమో. అందులోనూ చాలావరకు చచ్చిపోతాయి. కష్టపడి ఏదైనా నేర్చుకున్న ఎలుకల్లో ఎక్కువ బతికాయి.

చక్రంలో పరిగెత్తిన ఎలుకల్లో కొత్త కణాలు పెరిగాయన్న మాట 1999 నాటిది. పెద్దచెరువు గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్లు సంబరపడండి గానీ, ఎలుకల లెక్క నేను మీకు అంటగట్టను. పైగా దీనికో మెలిక ఉంది. 2014లో కెనడాలో, ముందు పాఠం నేర్పి తర్వాత పరిగెత్తిస్తే ఎలుకలు ఆ పాఠమే మర్చిపోయాయి. కొత్తవి వచ్చి పాత అల్లికను కదిపేస్తాయన్నమాట. ఈ కణాలు ఎక్కువగా పుట్టేది పసితనంలో. రెండేళ్లప్పుడు నాన్న భుజాలెక్కి చూసిన సిరిమాను మీలో ఎవరికైనా గుర్తుందా?