మృగశిరలో మొదలయ్యే నర్సరీ

సభకు నమస్కారం. ఊరి నర్సరీల బాధ్యత చూస్తున్న వన సేవకులకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్ళకు, గెట్ల మీద చెట్లు పెంచాలన్న కోరికతో ఇంత దూరం వచ్చిన రైతు సోదరులకు నా కృతజ్ఞతలు.

2015లో మన తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైనప్పటి నుంచి, ముఖ్యంగా 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం మొక్కల పెంపకాన్ని గ్రామ పంచాయతీ బాధ్యతల్లో చేర్చిన తరువాత, నర్సరీ అన్న మాట వరంగల్, ములుగు, మహబూబాబాద్ పల్లెలకు కొత్త కాకుండా పోయింది. అయినా నేను చూసిన నర్సరీల్లో ఎక్కువ చోట్ల అవే నాలుగైదు రకాలు కనిపించాయి. కానుగ ఉంటుంది, టేకు ఉంటుంది, పూల కోసం గన్నేరు ఉంటుంది. ఇప్ప ఏదీ, మొర్రి ఏదీ, నాటు నేరేడు ఏదీ అని అడిగితే విత్తనం దొరకలేదని చెబుతారు. పాకాల, ఏటూరునాగారం అడవుల అంచున బతుకుతూ మనం చెప్పే ఈ జవాబు నన్ను చాలా కాలంగా బాధిస్తున్నది. విత్తనం ప్రతి ఏడూ రాలుతూనే ఉన్నది. అది రాలిన రోజున మట్టి నింపి మొక్కలు పెంచే మన సంచులు సిద్ధంగా లేవు, నా దృష్టిలో అసలు కారణం ఇదే.

మనలో చాలామంది లెక్క ఇలా ఉంటుంది: జూలైలో నాటాలి, మొక్కకు ఐదారు నెలల వయసుండాలి, కాబట్టి డిసెంబరులోనో జనవరిలోనో సంచులు నింపాలి. నిల్వ ఆగే గింజలకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. చింతగింజను డబ్బాలో పోసి పెట్టినా చెడదు, ఎండిన కానుగ కాయలు కూడా కొన్ని నెలలు ఆగుతాయి. వేప, నేరేడు, ఇప్ప మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటి పండ్లు రోహిణి కార్తె నుంచి ఆరుద్ర దాకా పండి రాలుతాయి. గింజలో తడి ఉన్నంత వరకే వాటికి ప్రాణం, ఆ తడి ఆరిపోతే మొలక చచ్చిపోతుంది. మామూలుగా ఇంట్లో పెట్టిన వేపగింజ రెండు మూడు వారాలు దాటితే నమ్మకం ఉండదు. అందుకే ఊరంతా మొక్కలు నాటడంలో మునిగి ఉన్న మృగశిర రోజుల్లోనే, వచ్చే ఏటి నర్సరీకి విత్తనం వేయాలి.

ఈ సంగతి నాకు తెలిసి వచ్చింది నష్టం వల్లనే. నేను నర్సరీ పెట్టిన తొలి ఏడు జూన్‌లో ఒక గోనెసంచి నిండా వేపగింజలు ఏరించి, మంచి విత్తనం దొరికిందన్న సంతోషంతో కొట్టంలో భద్రంగా దాచాను. దసరా వెళ్ళిన తరువాత రెండు వేల సంచుల్లో వేశాను. పదుల సంఖ్యలో కూడా మొలవలేదు. సంచులు, మట్టి, కూలీ, నెల రోజుల నీళ్ళు వృథా అయ్యాయి, అంతకంటే ఎక్కువగా ఆ ఏడు వేపమొక్కలు ఇస్తానని నేను మాట ఇచ్చిన వాళ్ళ ముందు తలదించుకోవలసి వచ్చింది.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. పసుపు రంగుకు తిరిగిన వేపపండ్లను చెట్టు కింద గుడ్డ పరిచి సేకరిస్తాం. అదే సాయంత్రం నీళ్ళలో వేసి చేతులతో పిసికి గుజ్జు తీసేస్తాం, ఎందుకంటే గుజ్జుతో కుప్ప పోస్తే ఒక్క రాత్రికే వేడెక్కి గింజ పులిసిపోతుంది. నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, వారం లోపల సంచుల్లో వేస్తాం. గింజను ఒక సెంటీమీటరు కంటే మరీ లోతుకు పంపవద్దు. నేరేడు పద్ధతి కూడా దాదాపు ఇదే, అయితే ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి కనుక బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేయాలి. ఇప్పగింజల కోసం తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పల్లెల్లో ఇప్పపువ్వు ఏరే ఆదివాసీ కుటుంబాలతో ముందే మాట్లాడి పెట్టుకోండి. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద వాళ్ళకు 2006 అటవీ హక్కుల చట్టం హక్కు కల్పించింది, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు, వాళ్ళ శ్రమకు తగిన ధర ఇవ్వడం మన ధర్మం. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి వెళ్ళి మనమే ఏరుకోవడం సరికాదు.

ఏ గింజ అయినా ఒకే చెట్టు నుంచి తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. గుడి ముందర పెద్ద వేప ఉంటే అందరం దాని కిందికే పోతాం. ఒకే తల్లి పిల్లలతో ఊరంతా నింపితే, ఆ తల్లిలో ఉన్న లోపం కూడా ఊరంతటికీ పాకుతుంది. దూరదూరంగా ఉన్న పది పదిహేను ఆరోగ్యమైన చెట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి కలపండి.

పెంకు గట్టిగా ఉండే గింజల కథ వేరు. రేల గింజ, తుమ్మగింజ ఊరికే వేస్తే నెలల తరబడి మట్టిలో అలాగే ఉండిపోతాయి. నీళ్ళు మరగనిచ్చి, పొయ్యి మీద నుంచి దించి, అందులో గింజలు పోసి రాత్రంతా వదిలేయాలి, గింజలను పొయ్యి మీద ఉడికించకూడదు. నల్లతుమ్మకు ఇంకా సులువైన దారి మేకల దొడ్డి. మేక తిన్న కాయల్లోని గింజ దాని కడుపు దాటి వచ్చేసరికి పెంకు మెత్తబడి ఉంటుంది, దొడ్డి ఊడ్చిన చోట ఏరుకుంటే బాగా మొలుస్తుంది. టేకు కాయలను రాత్రి నానబెట్టి పగలు ఎండబెడుతూ రెండు వారాలు చేయాలి, ఆ ఏటి కాయల కంటే ఏడాది నిల్వ ఉన్నవే మెరుగు. మన రాష్ట్ర వృక్షమైన జమ్మికి దసరా వస్తే ప్రతి ఊళ్ళోనూ వెతుకులాటే. దాని గింజను ఒక రోజు నానబెట్టి వేస్తే చాలు, కానీ తల్లివేరు వేగంగా కిందికి దిగుతుంది కనుక లోతైన సంచి కావాలి. శ్రీగంధం అడిగే రైతులు ఎక్కువయ్యారు కాబట్టి ఒక్క మాట: అది పక్క మొక్క వేరు నుంచి కొంత ఆహారం తీసుకుని బతికే చెట్టు, సంచిలోనే దాని పక్కన ఒక కంది మొక్క ఉండాలి, కంది పైకి కమ్ముకోకుండా కత్తిరిస్తూ ఉండాలి.

మట్టి విషయంలో మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు చెరువు మట్టి. మిషన్ కాకతీయ రోజుల్లో ఆ పూడికమట్టి మన చెల్కలకు ఎంత మేలు చేసిందో అందరం చూశాం, అందువల్ల అదే సంచిలో నింపితే మొక్క ఇంకా బాగుంటుందని అనుకుంటాం. చిన్న సంచిలో ఆ నల్లమట్టి తడిసినప్పుడు బంక అవుతుంది, ఎండినప్పుడు ఇటుకలా బిగుస్తుంది, వేరుకు గాలి అందదు. రెండు పాళ్ళు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. మాగని పెంట వేస్తే వేరు కాలుతుంది, చెదలు కూడా దానితోపాటే వస్తాయి. 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు ఉన్న సంచిలో సుమారు లీటరున్నర మట్టి పడుతుంది. అంటే పదివేల మొక్కలకు 15 ఘనపు మీటర్లు, ట్రాక్టరు ట్రాలీల లెక్కన ఐదారు. 1 మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు మడిలో ఈ సంచులు వెయ్యి నిలబడతాయి. మడి అంతకంటే వెడల్పుగా చేస్తే నడుమ ఉన్న మొక్కకు కలుపు తీసే చెయ్యి అందదు.

ఇక వేరు. నర్సరీకి వచ్చినవారు మొక్క ఎంత ఎత్తుందని అడుగుతారు. లోపల వేరు ఎలా ఉందని అడిగినవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. సంచి ఒకేచోట నెలల తరబడి కదలకుండా ఉంటే వేరు అడుగున చిల్లులోంచి నేలలోకి దిగుతుంది. అప్పటి నుంచి మొక్క ఏపుగా పెరుగుతుంది, చూసేవారికి ముచ్చటగా ఉంటుంది, కానీ బతుకుతున్నది సంచిలోని మట్టితో కాదు. జూలైలో పీకినప్పుడు ఆ వేరు తెగిపోతుంది, నాటిన వారంలోనే మొక్క వాడిపోతుంది, నాటినవాడు నీళ్ళు పోయలేదని నింద వాడి మీద పడుతుంది. నెలకొకసారైనా సంచులను కదిపి, బయటికి వచ్చిన వేళ్ళను పదునైన కత్తెరతో కత్తిరించి, పెద్దవాటిని ఒక వైపుకు, చిన్నవాటిని ఒక వైపుకు చేర్చాలి. కదిపిన రోజు సాయంత్రం నిండుగా నీళ్ళు పెట్టాలి. ఈ పని శ్రమతో కూడినదే, అయినా నర్సరీలో నేను ఏ పని వాయిదా వేసినా దీన్ని మాత్రం వేయను.

జూన్‌లో వేసిన వేప, ఇప్ప మన ఎండాకాలాన్ని సంచిలోనే దాటాలి. రామగుండం నుంచి వరంగల్ దాకా మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర లేదు. మార్చి నుంచి సగం నీడనిచ్చే షేడ్ నెట్ గానీ తాటాకు పందిరి గానీ వేసి, పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి నీళ్ళు చల్లండి. వానలు దగ్గర పడే కొద్దీ నీడను క్రమంగా తీసేసి, నీళ్ళు కొంత తగ్గించి మొక్కను బయటి ఎండకు అలవాటు చేయాలి. పందిరి కింది నుంచి నేరుగా చేనుకు పోయిన మొక్క తట్టుకోలేదు. మొలకల మొదళ్ళు కుళ్ళుతుంటే ముందు నీళ్ళు తగ్గించండి. అప్పటికీ ఆగకపోతే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళతో చేసిన బోర్డో మిశ్రమం పనికొస్తుంది.

మొక్క ఇచ్చే ముందు రోజు సంచి తడపండి, ఎత్తేటప్పుడు కాండం పట్టుకోకుండా సంచి పట్టుకోండి, నాటిన తరువాత ఖాళీ సంచులు తిరిగి తెచ్చి ఇమ్మని అడగండి, లేకపోతే మన చెల్కలన్నీ ప్లాస్టిక్‌తో నిండుతాయి.

ఈ బల్ల మీద ఒకే వయసున్న మూడు కానుగ మొక్కలు తెచ్చి పెట్టాను. ఒకటి నెలనెలా కదిపినది, ఒకటి అసలు కదపనిది, మూడోది చెరువు మట్టిలో పెంచినది. ఇప్పుడు బ్లేడుతో మూడు సంచులూ చీల్చి మట్టి కడుగుతాను. వెనుక వరుసల వారు కూడా దయచేసి దగ్గరికి వచ్చి, వేళ్ళను చేతిలోకి తీసుకుని చూడండి.