బోనీ, క్లైడ్ కోసం కాపు కాసిన రోడ్డు

శ్రోతలందరికీ నమస్కారం అండీ. ఇవాళ ఒక సినిమా గురించి, దాని వెనకున్న నిజం కథ గురించి మాట్లాడుకుందాం. 'ద హైవేమెన్', 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 1934లో బోనీ పార్కర్, క్లైడ్ బారో అనే, బ్యాంకులు, దుకాణాలు దోచిన హంతకుల జంట కోసం ఫ్రాంక్ హేమర్, మేనీ గాల్ట్ అనే ఇద్దరు మాజీ టెక్సస్ రేంజర్లు, అంటే ఆ రాష్ట్ర పోలీసు దళం వాళ్ళు, తిరిగిన తిరుగుడే ఈ కథ. కెవిన్ కాస్ట్నర్, వుడీ హారెల్సన్ వేశారు, ఇద్దరూ చాలా బాగా చేశారు.

నాకు బాగా నచ్చిందేంటంటే, ఆ జంట మొహాలు దాదాపు చివరిదాకా సరిగ్గా చూపించరు. చూపించకపోవడమే కరెక్టు అనిపించింది. ఎందుకంటే ఆర్థిక మాంద్యం రోజుల్లో బ్యాంకుల మీద కడుపుమంటతో ఉన్న జనం వీళ్ళని హీరోల్ని చేసేశారు, వీళ్ళ ముఠా చేతిలో పోయిన పదముగ్గురిలో ఎక్కువమంది పోలీసులే అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

సరే, హేమర్ ఎలా పట్టుకున్నాడు? అప్పట్లో రాష్ట్రం బోర్డర్ దాటితే వెంటపడుతున్న పోలీసు ఆగిపోవాల్సిందే, క్లైడ్‌కి అది బాగా తెలుసు, అందుకే బోర్డర్ల పక్కనే కారు నడిపేవాడు. హేమర్ వెనక పరిగెత్తడం కంటే ముందు వాళ్ళు తిరిగే దారి చూశాడు. ఎంత దూరం పోయినా మళ్ళీ ఇంటివాళ్ళని చూడ్డానికి వస్తారు. ఎంత దూరం పోయినా వస్తారు, అదీ అతనికి దొరికిన దారం.

ముఠాలో హెన్రీ మెత్విన్ అని ఒకడు, వాళ్ళ కుటుంబం లూసియానాలో గిబ్స్‌ల్యాండ్ దగ్గర ఉండేది. కొడుక్కి టెక్సస్‌లో క్షమాభిక్ష ఇస్తామన్న మాట మీద, ఆ జంటని పట్టించడానికి వాళ్ళతో బేరం కుదిరింది. మే 23 పొద్దున, అడవి మధ్య రోడ్డు, హెన్రీ తండ్రి ట్రక్కు చక్రం ఊడదీసి రోడ్డు పక్కన పెట్టారు, చూసినవాడికి పాపం బండి చెడిపోయింది అనిపించాలి. ఎదురుగా పొదల్లో ఆరుగురు, హేమర్, గాల్ట్‌తో పాటు డల్లాస్ పోలీసులు ఇద్దరు, అక్కడి షెరీఫ్ (ఆ ప్రాంతపు పోలీసు అధికారి), అతని డిప్యూటీ. ముందురోజంతా కూడా అక్కడే కూర్చున్నారు, ఎవరూ రాలేదు, లేచిపోలేదు. తొమ్మిది దాటాక ఫోర్డ్ వి-8 వచ్చింది, ట్రక్కు చూసి క్లైడ్ స్లో చేశాడు. అంతే, తుపాకులు మోగాయి, సుమారు 130 తూటాలు. ఇద్దరూ అక్కడే పోయారు, అప్పటికి అతనికి 25 ఏళ్ళు, ఆమెకి 23 ఏళ్ళు. ఆ సీను సినిమావాళ్ళు అసలు ఆ చోటే తీశారు, అందుకే ఆ రోడ్డు చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

బోనీ అంత్యక్రియలకి వేలల్లో జనం వచ్చారు. అదే ఏడాది ఏప్రిల్ 1న, ఈస్టర్ రోజు, టెక్సస్‌లో గ్రేప్‌వైన్ అనే ఊరి దగ్గర ఈ ముఠా చంపిన ఇద్దరు హైవే గస్తీ పోలీసుల్లో మర్ఫీ అనే కుర్రాడికి కొద్దిరోజుల్లో పెళ్ళి ఉంది, ఆ అమ్మాయి పెళ్ళి గౌను వేసుకునే అంత్యక్రియలకి వచ్చిందంటారు. నాకు ఆ కుర్రాడి పేరు కూడా అందరికీ తెలియాలనిపిస్తుంది.

సినిమా చూసేవాళ్ళకి ఒక్క మాట. ఫోన్‌లో మ్యాప్ తెరిచి పెట్టుకోండి, టెక్సస్, ఓక్లహోమా, లూసియానా బోర్డర్లు ఒకసారి చూడండి, డల్లాస్ ఎక్కడుందో గిబ్స్‌ల్యాండ్ ఎక్కడుందో చూడండి. కార్లో కూర్చుని ఆ ఇద్దరూ మాట్లాడుకునే సీన్లు మొదట్లో నెమ్మదిగా అనిపిస్తాయి కానీ, మ్యాప్ పక్కనుంటే వాళ్ళు దేని గురించి లెక్కలేస్తున్నారో మీకే తెలిసిపోతుంది. ఉంటానండీ.