మాడ్యూల్ ప్యాటర్న్ పాఠం రివ్యూ: పాతదే, అయినా నా ఓటు దీనికే

నమస్తే అండీ, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. బ్రాడీపేటలోని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తమ జావాస్క్రిప్ట్ కోర్సు ఫ్రీగా ఇచ్చి రివ్యూ చెయ్యమన్నారు. డబ్బులేమీ తీసుకోలేదు. సిలబస్, ఫీజు జోలికి పోను. నేను మాట్లాడేది ఒక్క మాడ్యూల్ ప్యాటర్న్ పాఠం గురించే, అంటే కోడ్‌ని ఒక ఫంక్షన్‌లో చుట్టి కావలసినవే బయటికి చూపించే పద్ధతి. నాకు ప్రాణం అది.

మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపుకి చిన్న పేజీ చేసిచ్చాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, బరువెంత, రేటెంత అని కొడితే రైతు లెక్క వస్తుంది. తర్వాత ఎవరో దానికి ఇంకో స్క్రిప్ట్ తగిలించారు. అందులో ఫంక్షన్ బయట 'వార్ స్టేటస్ = ఫాల్స్' అని ఉంది, అంటే వార్‌తో స్టేటస్ అనే వేరియబుల్ పెట్టారు. బయట వార్ పెడితే అది విండో మీదికి, అంటే పేజీ మొత్తానికీ ఉమ్మడిగా బ్రౌజర్ ఇచ్చే ఆబ్జెక్ట్ మీదికి పోతుంది. అక్కడ స్టేటస్ అనే ప్రాపర్టీ ముందే ఉంది, ఏమిచ్చినా స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) మార్చేస్తుంది. ఫాల్స్ కాస్తా ఉత్త అక్షరాలైంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఇఫ్‌లో ట్రూ కిందే లెక్క. ఇంకేముంది, సేవ్ కాని బిల్లు సేవ్ అయినట్టు చూపించింది! ఆ కోడంతా ఒక ఫంక్షన్‌లో చుట్టి అక్కడికక్కడే పిలిచాను, దీన్నే ఐఐఎఫ్ఈ అంటారు. టెన్షన్ పోయింది.

ఆ చుట్టడమే మాడ్యూల్ ప్యాటర్న్‌కి పునాది. లోపల పెట్టిన టిక్కీల అర్రే (జాబితా) క్లోజర్‌లో, అంటే లోపలి ఫంక్షన్లు గుర్తుపెట్టుకునే చోట బతికే ఉంటుంది, బ్రౌజర్ కన్సోల్‌లో కొట్టినా దొరకదు. బయటికి మనం రిటర్న్ చేసిన ఫంక్షన్లే కనిపిస్తాయి. 2007 నాటికే యాహూ వాళ్ళ జావాస్క్రిప్ట్ లైబ్రరీ వైయూఐ టీమ్ వాళ్ళు దీన్ని బాగా ప్రచారం చేశారు.

కోర్సులో ఇంతవరకు చక్కగా చెప్పారు. నాకు ఒళ్ళు మండింది ఒక్కచోట. ఉదాహరణలో టోటల్ అనే నంబర్‌ని నేరుగా రిటర్న్ చేశారు. అలా చేస్తే ఆ క్షణంలో ఉన్న సున్నా కాపీ అయి బయటికొస్తుంది. తర్వాత లోపల ఎన్ని టిక్కీలు కలిపినా బయట సున్నాయే! టోటల్‌ని తిరిగిచ్చే ఫంక్షన్ పెట్టాలి కదండీ. ఫీజు కట్టి నేర్చుకునే పిల్లలకి ఇది చెప్పకపోతే ఎలా?

ఇంకోటి, 'ఇది పాతబడింది, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ వాడండి' అని తేల్చేశారు, అంటే ఒక ఫైల్‌లోని కోడ్‌ని ఇంకో ఫైల్‌లోకి తెచ్చుకునే జావాస్క్రిప్ట్ సొంత మాడ్యూల్స్ అన్నమాట. 2015లో వచ్చిన ఆ మాడ్యూల్స్ మంచివే, పెద్ద ప్రాజెక్టుకి నేనూ అవే వాడతాను. కానీ మా షాపు గుమాస్తా పెన్‌డ్రైవ్‌లో ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరుస్తాడు. క్రోమ్‌లో అలా తెరిస్తే ఇంపోర్ట్ పనిచెయ్యదు, సర్వర్ కావాలి. ఐఐఎఫ్ఈకి ఆ బాధే లేదు. లోపలి ఫంక్షన్లని విడిగా టెస్ట్ చెయ్యడం కష్టం, నిజమే. చిన్న పేజీకి దాన్ని నేను లెక్కచెయ్యను.

ప్యాటర్న్‌కి పదికి తొమ్మిది, పాఠానికి ఆరు. ఆ టోటల్ సరిచేస్తే ఇంకో వీడియో పెట్టి మార్కులు పెంచుతాను.